లక్డీకి ఖామోషీ నేర్పిన కథ

బొబ్బిలి వీణని పనస లక్డీతో చేస్తారని మనందరికీ తెలుసు. వీణైనా, సితారైనా, ఖవ్వాలీలో మోగే ఢోలకైనా, కారీగర్ మొదట చూసేది లక్డీనే. ఏ చెట్టుది, ఎంత ఎండింది, ఎంత పల్చగా తొలవాలి అని వేళ్లతో తట్టి తట్టి చూస్తాడు. అక్కడ తీగ ఒక్కటే పాడదు, తోలు ఒక్కటే మోగదు. వాటితోపాటు లక్డీ కూడా పాడాలి. ఉస్తాద్ హునర్ అంతా లక్డీతో పాడించడంలోనే ఉంటుంది.

అందుకే మనలో చాలామంది స్పీకర్ డబ్బా విషయంలోనూ ఇలాగే ఆలోచిస్తారు. మంచి లక్డీతో డబ్బా చేస్తే ఆవాజ్ మీఠాగా వస్తుందనీ, టేకుతో చేస్తే ఇంకా షాన్‌దార్‌గా ఉంటుందనీ అనుకుంటారు. హఖీఖత్ దీనికి పూర్తిగా ఉల్టా. వీణ లక్డీ పాడాలి, స్పీకర్ లక్డీ ఖామోష్‌గా ఉండాలి. పాడే పని పాడినవాళ్లు స్టూడియోలో ముగించేశారు. మాట్లాడే పని మాట్లాడినవాళ్లు ముగించేశారు. వాళ్ల ఆవాజ్ ఆ డబ్బా చేతిలో ఒక అమానత్. డబ్బా తనవైపు నుంచి ఒక్క ముక్క కలిపినా అది ఖయానతే.

వినడానికి సాదా మాటలా ఉంది కదా! కానీ లక్డీకి ఖామోషీ నేర్పడానికి ఇంజినీర్లకి దాదాపు 50 ఏళ్లు పట్టింది. ఆ తారీఖ్‌లో మన ఇళ్లకి పనికొచ్చే సంగతులు ఉన్నాయి. అందుకే ఇదంతా రాస్తున్నా, దోస్తులారా.

అసలు డబ్బా ఎందుకు?

ఇవాళ మన ఇళ్లలో ఉన్న స్పీకర్లకి పునాది 1925లో పడింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ఆ ఏడాది ఒక పేపర్ ప్రకటించారు. అయస్కాంతం మధ్య ఒక తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు కోన్. కరెంటు ఆడినట్టల్లా చుట్ట ఆడుతుంది, చుట్టతోపాటు కోన్ ఆడుతుంది, కోన్ గాలిని తోస్తుంది. అంతే. వందేళ్లు గడిచినా అస్లీ సూత్రం మారలేదు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. కోన్ ముందుకి కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పల్చబడుతుంది. స్పీకర్‌ని ఉత్తగా బల్లమీద పెడితే ముందు అల, వెనక అల అంచు చుట్టూ తిరిగొచ్చి ఒకదాన్నొకటి మింగేస్తాయి. సన్నటి ఆవాజ్‌లు బతుకుతాయి గానీ మందర స్వరాలు మాయమైపోతాయి. తబలా బాయాఁ వినపడదు. కాబట్టి ముందుకీ వెనక్కీ మధ్య ఒక పర్దా కావాలి. మొదట చదునైన పలకకి రంధ్రం చేసి స్పీకర్ బిగించారు. పలక అంచుల్ని వెనక్కి మడిస్తే డబ్బా అయింది. అంటే డబ్బా పుట్టింది పాడటానికి కాదు, పర్దాగా నిలబడటానికి.

ఆ జమానాలో ఈ సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1930లు, 40ల రేడియోలు ఇంటి హాల్లో పెట్టుకునే ఫర్నిచర్. పైన నిగనిగలాడే వెనీరు, ముందు గుడ్డ, గుండ్రటి మూలలు. డబ్బా ఎలా కనపడుతుందన్నదే ముఖ్యం. అందులోంచి వచ్చే గుమ్మటంలాంటి గూంజ్‌ని జనం ‘నిండైన ఆవాజ్’ అనుకుని ఇష్టపడ్డారు కూడా. వార్తలు చదివే మనిషి ఎవరైనా అందరి గొంతులోనూ ఒకే బరువు వినిపించేది. ఆ బరువు మనిషిది కాదు, డబ్బాది.

లక్డీ ఎలా మాట్లాడుతుంది?

ఒక చిన్న హిసాబ్ వేసుకుందాం. 60 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు, 30 లోతు ఉన్న డబ్బా తీసుకోండి. ఆరు పలకల వైశాల్యం కలిపితే 9000 చదరపు సెంటీమీటర్లు. అందులో బిగించిన 8 అంగుళాల స్పీకర్ కోన్ వైశాల్యం సుమారు 220. అంటే పలకల విస్తీర్ణం కోన్‌కి 40 రెట్లు. కోన్ కదిలే దూరంలో పలకలు నలభయ్యో వంతు కదిలినా చాలు, అవి దాదాపు కోన్ తోసినంత గాలినే తోస్తాయి. కంటికి కనపడని వణుకు, చెవికి మాత్రం చక్కగా దొరికిపోతుంది.

పైగా ప్రతి పలకకీ తనదైన స్వరం ఉంటుంది. పాటలోగానీ మాటలోగానీ ఆ స్వరం తగిలినప్పుడు పలక మేల్కొంటుంది. మనిషి మాట ఆపేశాక కూడా కాసేపు మోగుతూనే ఉంటుంది. ఆ తోక వచ్చి తర్వాతి అక్షరం మీద పడుతుంది. వినేవాడికి ‘ఏదో డబ్బాలోంచి వస్తున్నట్టుంది’ అనిపిస్తుంది. ఇంజినీర్లు దీన్ని ఆవాజ్‌కి రంగు అంటుకోవడం అంటారు. చాలా సరైన మాట.

దీనికి మొదట తట్టిన జవాబ్ వజన్. లక్డీ కదులుతోంది కాబట్టి కదలనంత బరువుగా, మోటాగా చేద్దాం అన్నారు. ఈ దారిలో అందరికన్నా దిల్‌చస్ప్ మనిషి ఇంగ్లండ్‌లో వార్ఫ్‌డేల్ కంపెనీ పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్. రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఖాళీ ఉంచి అందులో రేత్, అంటే ఎండిన ఇసుక, నింపాడు. గది మూలలో ఈంట్లు పేర్చి, వాటినే డబ్బాగా వాడొచ్చని రాశాడు. 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో సంగీతకారుల్ని కూర్చోబెట్టి, వాళ్లు వాయించిందీ రికార్డుల్లోంచి స్పీకర్లు వినిపించిందీ పక్కపక్కన పెట్టి జనానికి ఇమ్తెహాన్ పెట్టాడు.

ఇసుక డబ్బాలో ఒక లోతైన సంగతి దాగి ఉంది. ఇసుక బరువు ఒక్కటే ఇవ్వదు. పలక వణికినప్పుడు ఇసుక రేణువులు ఒకదానికొకటి రాసుకుంటాయి, ఆ రాపిడిలో వణుకు కాస్తా వేడిగా మారి చచ్చిపోతుంది. బరువు, రాపిడి రెండూ వేర్వేరు ఔషధాలు. ఆ రోజుల్లో చాలామంది బరువునే చూశారు. రాపిడిని పట్టుకున్నవాళ్లు తర్వాత వచ్చారు.

అదే 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. డబ్బాని గాలి చొరబడకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. బీరువా అంత డబ్బా ఇచ్చే మందరాన్ని పుస్తకాల అరలో పట్టే డబ్బా ఇవ్వడం మొదలైంది. ఇళ్లకి అది పెద్ద నేమత్. కానీ చిన్న మూసిన డబ్బాలో గాలి ఒత్తిడి ఎక్కువ, కాబట్టి పలకల మీద దెబ్బ కూడా ఎక్కువ. అప్పటికే లక్డీ పొట్టుని జిగురుతో నొక్కి చేసే చిప్‌బోర్డు సస్తాగా దొరుకుతోంది. కంపెనీలు 18 మిల్లీమీటర్ల చిప్‌బోర్డుకి వెనీరు అంటించి లక్షల డబ్బాలు చేశాయి. మోటా అయితే మజ్బూత్, మజ్బూత్ అయితే మంచిది, ఇదే అందరి యఖీన్.

మన మట్కా స్పీకర్

ఇంగ్లండ్, అమెరికా కథ కాసేపు ఆపి మన వీధిలోకి వద్దాం. 80లు, 90ల్లో మన ఊళ్లలో స్పీకర్‌ని మట్టికుండ మూతికి బోర్లించి పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. టేప్‌రికార్డర్ నుంచి రెండు వైర్లు, కింద కుండ. మందరం ఒక్కసారిగా పెరిగేది. చదువుకున్నవాళ్లు నవ్వేవాళ్లు గానీ అందులో ఇల్మ్ లేకపోలేదు. కుండ గోడ వంపు తిరిగి ఉంటుంది. వంపు తిరిగిన గోడ చదును పలకకన్నా ఎంతో బిర్రుగా ఉంటుంది. కోడిగుడ్డు పెంకు అంత పల్చనిదైనా పిడికిట్లో నలగనట్టు. కాబట్టి కుండ గోడ పెద్దగా వణకదు.

మరి లోపం ఎక్కడ? లోపలి గాలిలో. ఖాళీ మట్కా మూతి దగ్గర ఊదితే ‘హూఁ’ అని ఒకే స్వరం వస్తుంది. ఆ స్వరం పాటలో తగిలినప్పుడల్లా కుండ రెచ్చిపోతుంది. లోపల దూదో, పాత రజాయి ముక్కో కుక్కినవాళ్లకి మెరుగ్గా వినపడింది, ఎందుకంటే దూది ఆ గాలి ఆటని నెమ్మదింపజేస్తుంది. పాట వినడానికి ఆ మట్కా చాలు. మనిషి మాట వినడానికి చాలదు. ఇన్సాన్ ఆవాజ్ ఇమ్తెహాన్ వేరు, పాట ఇమ్తెహాన్ వేరు. ఆ సంగతి అందరికన్నా బాగా అర్థం చేసుకున్నది బీబీసీ రేడియో సంస్థ.

బీబీసీకి ఎందుకు అంత ఫికర్?

మన పెద్దలకి బీబీసీ అంటే షార్ట్‌వేవ్ రేడియో. 1940 మేలో బీబీసీ హిందుస్తానీ ప్రసారాలు మొదలయ్యాయి. తర్వాత ఉర్దూ వార్తల కోసం రేడియో చుట్టూ మూగిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ సంస్థకి ఒక పెద్ద మజ్బూరీ ఉండేది. స్టూడియోలో ఒకరు మాట్లాడతారు, పక్క గదిలో ఇంజినీర్ స్పీకర్‌లో విని, మైకు సరిగ్గా ఉందా లేదా అని ఫైస్లా చేస్తాడు. ఆ స్పీకరే అబద్ధం చెబితే? గొంతులో లేని బరువుని స్పీకర్ కలిపితే, ఇంజినీర్ దాన్ని తగ్గించడానికి ప్రయత్నిస్తాడు. అప్పుడు బయటికి వెళ్లే ఆవాజ్ అస్లీ గొంతుకన్నా బక్కగా వెళుతుంది. ఒక్క గదిలో ఉన్న డబ్బా చేసిన గల్తీ లక్షల ఇళ్లకి చేరుతుంది.

అందుకే బీబీసీ తన రీసెర్చ్ డిపార్ట్‌మెంట్‌లోనే స్పీకర్ల మీద పని పెట్టింది. 1948 నుంచి అది సర్రే జిల్లాలో కింగ్స్‌వుడ్ వారెన్ అనే పాత భవనంలో ఉండేది. అక్కడి ఇంజినీర్ డి.ఇ.ఎల్. షార్టర్ 1946లోనే, సిగ్నల్ ఆగిపోయిన తర్వాత స్పీకర్ ఇంకా ఎంతసేపు మోగుతోందో కొలిచి చూపించాడు. ఎంత గట్టిగా మోగింది అనేది కాదు, ఎప్పుడు ఊరుకుంది అనేది చూడాలన్నాడు. నా దృష్టిలో ఈ తారీఖ్ మొత్తంలో అది పెద్ద మలుపు.

రెండో మలుపు వాళ్లు ఎంచుకున్న గవాహ్. ఖరీదైన వాయిద్యాలకన్నా ముందు మనిషి మాటని, ముఖ్యంగా మగగొంతుని వాళ్లు ఇమ్తెహాన్‌కి పెట్టారు. తెలిసిన మనిషిని స్టూడియోలో కూర్చోబెట్టి మాట్లాడించడం, పక్క గదిలో స్పీకర్‌లో వినడం, లేచి వెళ్లి ఆ మనిషినే నేరుగా వినడం. వయొలిన్ ఇలా ఉండాలని చాలామందికి కచ్చితంగా తెలియదు. కానీ రోజూ పక్కన కూర్చునే మనిషి గొంతులో పిసరంత ఫర్ఖ్ వచ్చినా చెవి పట్టేస్తుంది. పుట్టినప్పటి నుంచీ మనం చేస్తున్న రియాజ్ అదే కదా!

పత్లా లక్డీ తర్కం

కింగ్స్‌వుడ్ వారెన్‌లో డడ్లీ హార్వుడ్, ఆయన సాథీలు ఈ పనిని డబ్బా గోడల దాకా తీసుకెళ్లారు. హార్వుడ్, మాథ్యూస్ కలిసి 1977లో డబ్బాల నిర్మాణం మీద ఒక రిపోర్టు రాశారు. దాని సారాంశం విన్నవాళ్లకి అప్పుడూ వింతే, ఇప్పుడూ వింతే. మోటా పలకకన్నా, లోపల తారు ఫెల్ట్ అంటించిన పత్లా ప్లైవుడ్ పలక మేలు!

ఇదెలా? ఒకే లక్డీ, ఒకే సైజు పలకని రెట్టింపు మందం చేస్తే దాని స్వరం కూడా దాదాపు రెట్టింపు పైకి పోతుంది. మోటా పలక తక్కువే వణుకుతుంది, నిజమే. కానీ ఆ వణుకు పైకి వెళ్లి, మాట స్పష్టత ఉండే ఇలాఖాలో కూర్చుంటుంది. మన చెవి అక్కడే అందరికన్నా చురుగ్గా ఉంటుంది. పత్లా పలక స్వరం కిందికి దిగుతుంది. అక్కడ చెవి కాస్త మాఫ్ చేస్తుంది.

రెండో సంగతి ఇంకా అహమ్. వణుకుని చంపాలంటే పలకకి ఏదైనా మెత్తటి బరువైన పొర అంటించాలి. పత్లా పలక మీద తారు ఫెల్ట్ పట్టు సాధిస్తుంది. మోటా పలక మీద అదే ఫెల్ట్ ఏనుగు మీద దోమలాంటిది. మోటా పలకని ఆపాలంటే పొర కూడా అంత మోటాగా ఉండాలి, అది కుదిరే పని కాదు.

అమ్మీజాన్‌లకి ఇది ఒక్క మాటలో చెప్పొచ్చు. ఖాళీ దేగ్‌ని గరిటెతో కొట్టండి, ఖంగుమని చాలాసేపు మోగుతుంది. బిర్యానీ నిండిన దేగ్‌ని కొట్టండి, ‘ధబ్’ అని అక్కడికక్కడే ఆగిపోతుంది. దేగ్ లోహం మందం మారలేదు. లోపలున్నది వణుకుని తినేసింది.

మూలల దగ్గర కూడా వాళ్లు ఇలాగే ఆలోచించారు. ముందు, వెనక పలకల్ని జిగురుతో శాశ్వతంగా అతికించకుండా మరలతో బిగించారు. ఆ కీళ్ల దగ్గర జరిగే కొద్దిపాటి రాపిడి కూడా వణుకుని తింటుంది. సాధారణంగా వడ్రంగి కీలు బిగుతుగా ఉండాలంటాడు. ఇక్కడ కాస్త వదులు కూడా హునరే.

చిన్న డబ్బా, పెద్ద పేరు

ఈ తజుర్బా అంతా ఒక చిన్న స్పీకర్‌లో కనపడుతుంది. ఊళ్లు తిరిగే రికార్డింగ్ వ్యాన్లలో స్థలం తక్కువ. వాటికోసం బీబీసీ 1970ల్లో ఎల్ఎస్3/5ఏ అనే స్పీకర్ తయారు చేసింది. ఎత్తు ఒక అడుగు, వెడల్పు ఏడున్నర అంగుళాలు, లోతు ఆరున్నర. చెప్పుల డబ్బాకన్నా కాస్త పెద్దది. లోపల 5 అంగుళాల స్పీకర్ ఒకటి, సన్నటి స్వరాలకి ట్వీటర్ ఒకటి. డబ్బాకి 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్, లోపల తారు ఫెల్ట్ పలకలు, మూలల్లో బీచ్ అనే గట్టి లక్డీ పట్టీలు.

ఆ పట్టీల సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వేలెడు మందం ఉన్న ఆ పట్టీల్ని బీచ్ బదులు పరానా పైన్‌తో చేసిన డబ్బాల్లో మాటకి ఫర్ఖ్ వచ్చింది. బయటికి కనపడని, స్పీకర్‌కి తగలని మూలపట్టీ! అందుకే డబ్బా ఏ లక్డీతో, ఎంత మందంతో, ఎలా చేయాలన్నది కూడా నమూనాలో భాగమైంది. దాన్ని చేయడానికి అనుమతి తీసుకున్న కంపెనీలు ఆ నమూనాకే కట్టుబడాలి.

ఈ చిన్న డబ్బా పెళ్లి బరాత్‌ని ఊపలేదు. మందరం తక్కువ, గట్టిగా పెడితే ఓర్చుకోలేదు. కానీ మనిషి మాట్లాడితే మనిషి గది మధ్యలో కూర్చున్నట్టు వినపడుతుంది. దాన్ని అందుకే చేశారు. హార్వుడ్ తర్వాత 1977లో హార్బెత్ అనే కంపెనీ పెట్టాడు. ఆయన సాథీ స్పెన్సర్ హ్యూస్ అంతకుముందే స్పెండార్ పెట్టాడు. పత్లా గోడల డబ్బాలు ఆ రెండు పేర్లతో ఇప్పటికీ తయారవుతున్నాయి.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఈ దారిని అందరూ ఒప్పుకోలేదు. 1980ల్లో ఇంగ్లండ్‌లోనే సెలెస్టియన్ కంపెనీ విమానాల కోసం చేసే తేనెపట్టులాంటి అల్యూమినియం పలకతో డబ్బా చేసింది. చాలా తేలిక, చాలా బిర్రు. బి అండ్ డబ్ల్యూ కంపెనీ డబ్బా లోపల అడ్డంగా, నిలువుగా పలకల జాలీ అల్లి, గోడలు కదలకుండా పట్టి ఉంచింది. వీళ్ల తర్కం ఏమంటే, గోడల స్వరాన్ని బాగా పైకి నెట్టేస్తే దాన్ని లేపడానికి ఆ గోడల దాకా అంత శక్తి చేరదు అని. అదీ పనిచేసింది. 1960ల్లో అమెరికాలో మొదలైన ఎండీఎఫ్ పలక తర్వాత చాలా కంపెనీల ఇష్టమైన సరుకైంది. రేఖలు లేకుండా, అంతటా ఒకేలా, కోతకి నునుపుగా ఉంటుంది కాబట్టి. దారులు వేరైనా మంజిల్ ఒకటే. లక్డీ ఊరుకోవాలి. సరుకు ఏదన్నది ఒక్కటే చూసి డబ్బా మంచిదో కాదో చెప్పలేం. ఆ సరుకుని ఎలా ఊరుకోబెట్టారో చూడాలి.

మన ఇళ్లకి దీనితో ఏం పని?

మా ఇంట్లో నానా ఆవాజ్ ఉన్న క్యాసెట్ ఒకటి ఉంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకుకి పంపడానికి ఉత్తరం బదులు మాట్లాడి రికార్డు చేసింది. మీ ఇళ్లలోనూ అలాంటివి ఉండే ఉంటాయి. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, చుట్టాలందరి ముందు పెద్ద టవర్ స్పీకర్లలో పెట్టాం. మాటలు అవే, కానీ మా ఖాలా ‘ఇది అబ్బా గొంతులా లేదురా’ అంది. తర్వాత అదే రికార్డింగ్‌ని పాత చిన్న స్పీకర్‌లో పెట్టాం. ఆమె కొంగు కళ్లకి అద్దుకుంది. నానాని చూడని పిల్లలకి ఆయన మిగిలి ఉన్నది ఆ ఆవాజ్‌లోనే. ఏ డబ్బాలో వింటే ఆ పిల్లల యాద్‌లో ఆ నానా ఉంటాడు. నాకు ఈ తారీఖ్ మీద ఇంత శౌఖ్ పుట్టడానికి అదే కారణం.

కాబట్టి స్పీకర్ కొనేటప్పుడు వజన్ చూసి మురిసిపోకండి. డబ్బా పక్క గోడని వేలి కణుపుతో తట్టండి. ‘టాంగ్’ అని స్వరం సాగితే ఆ డబ్బా మాట్లాడుతుంది. ‘ధబ్’ అని ఆగిపోతే కాస్త అదబ్ ఉన్నట్టే. తర్వాత బీబీసీవాళ్ల ఇమ్తెహాన్ పెట్టండి. ఇంట్లోవాళ్ల మాటల్ని ఫోన్లో రికార్డు చేసుకుని వెళ్లి, దుకాణంలో ఆ స్పీకర్‌లో వినిపించమనండి, వీలైతే ఆ మనిషినే పక్కన నిలబెట్టి. దుకాణంవాడు పెట్టే ధూమ్ ధామ్ పాటలు విని ఫైస్లా చేయకండి, ఆ పాటల్లో డబ్బా గూంజ్ కూడా మజాగానే ఉంటుంది.

వడ్రంగితో చేయించుకునే శౌఖ్ ఉంటే, చిన్న డబ్బాకి 12 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ చాలు. లోపలి గోడలకి తారు షీటు గాలి బుడగలు లేకుండా అంటించమనండి. వెనక పలకని మరలతో బిగించి, అంచున ఫోమ్ పట్టీ వేసి గాలి లీకు లేకుండా చూడమనండి. టేకు అక్కర్లేదు, టేకు పలకలు వాతావరణానికి సాగుతాయి, కుంచించుకుంటాయి కూడా. ఫంక్షన్ హాలు స్పీకర్లకి ఈ లెక్క కుదరదు, అవి వేరే దెబ్బలు తినాలి.

వడ్రంగి ‘ఇంత పల్చటి లక్డీయా భాయ్, అదిరిపోతుంది’ అంటాడు. అననివ్వండి. షీటు అంటించాక డబ్బాని ఒకసారి తట్టి చూపించండి.